తెలిసిన రోగం

గుత్తి రోడ్డులో, గిడ్డయ్య రేకుల షెడ్డు కింద
పదకొండు మోపెడ్లు వరసగా నిలబడినాయి.
హ్యాండిళ్లన్నీ ఒకే పక్కకు తిప్పి తాళం వేసినారు,
ఎవరో పిలిస్తే అన్నీ ఒక్కసారే తిరిగి చూసినట్లు.

"ముప్పై ఒక్క వేయి" అన్నాడు ఎర్రదాని మీద చెయ్యేసి.
"డెబ్బై స్పీడు పోతాదక్కా, గాలే."
నేను పోయే దావలో డెబ్బైకి చోటు యాడుందప్పా?
గుంత, గొర్రెల మంద, మళ్లా గుంత.
నా వెనక కట్టేది బొరుగుల మూటలు.
రెండూ కలిపినా ముప్పై కిలోలు తూగవు,
అయితే ఒక్కోటి ఇంటి తలుపంత వెడల్పు.
నాతో కొట్లాడేది బరువు కాదు, ఎదురుగాలి.
ఆ లెక్క ఏ కంపెనీ కాయితంలోనూ ల్యాదు.

నా లెక్క నాకుండాది.
సేరుకు మిగిలేది మూడు రూపాయలు.
ముప్పై ఒక్క వేయంటే పదివేల సేర్లకు పైన.
పదివేల మార్లు నింపల్ల, చేత్తో తల కొట్టల్ల,
"ఇంగొంచెం కొసరెయ్యమ్మే" అంటే ఇంగో పిడికెడు వెయ్యల్ల.
ఆ పిడికిళ్లు ఇంగా లెక్కెయ్యనేలేదు.

మెకానిక్కు ఓబులేసును వెంటబెట్టుకోని పోయినా.
వాడు ఇంజన్లు విన్నాడు, నేను సీట్లు చూసినా.
నల్లదాని సీటు ఎడమపక్కే కుంగింది,
కుడిపక్క ఏదో యాలాడేసుకోని తిరిగినోడు,
పాల క్యానో, గ్యాసు బండో.
ఆకుపచ్చదానికి కొత్త రంగు.
తడిమితే లోపల సొట్టలు తగిలినాయి,
దుప్పటి కింద పడుకున్న పిల్లోల్ల మోకాళ్ల మాదిరి.

తెల్లారి నాలుగున్నరకు, చలిలో, ఎన్ని కిక్కులకు లేస్తాది?
మూటలతో స్టాండేస్తే, పిల్లోల్లు ఒరిగినా, నిలుస్తాదా?
ఇవి అడిగితే గిడ్డయ్య మళ్లా మైలేజీ అంటాడు.

మూలన ఒక బూడిదరంగుది. పద్దెనిమిది వేలు.
దాన్ని ఆయప్ప చూపియ్యలేదు, నేనే పోయినా.
టూల్ బాక్సు తెరిస్తే మూత లోపల
మేకుతో గీకిన అక్షరాలు:
వానకు ఆగుతాది. ప్లగ్గు తుడువు. తిట్టొద్దు.

"అది పాత మాటక్కా, బాగు చేపిచ్చినాం" అన్నాడు గిడ్డయ్య.
"వద్దు హుసేనమ్మత్తా, రోగిష్టి బండి" అన్నాడు ఓబులేసు.
నేను మాత్రం ఆ రాసినోడి గురించే తలపోస్తాండా.
అమ్ముకునే ముందర నిజం గీకిపెట్టి పోయినోడు
ఆయిలు కూడా వేళకు మార్చే ఉంటాడు.
తక్కిన పదింటికీ ఏ రోగమూ ల్యాదంట.
ల్యాదో, నాకు చెప్పేటోడు ల్యాడో.

"ఒరే ఓబులేసూ, వానకు ఆగే బండి
మన గుంతకల్లులో ఏడాదికి ఎన్నిదినాలు ఆగుతాదో చెప్పు."
గిడ్డయ్యే ముందు నవ్వినాడు.
ఆ నవ్వు ఆరకముందే అన్నా,
"ఈ మాటకు ఒక వెయ్యి తగ్గించు."
"ఏ మాటకక్కా?"
"మూత మీద మాటకు."

పదిహేడు వేలు. ట్యాంకులో ఉన్న పెట్రోలు నాదే.

ఏడు నెలల్లో మూడుసార్లు ఆగింది.
మూడోసారి వజ్రకరూరు దావలో, తొలకరికి.
మూటల మీద పట్ట కప్పి, ప్లగ్గు ఊడదీసినా.
దావ పక్క ఎర్రచేన్లో జనం తడుస్తానే
వంగి వంగి రాళ్లు ఎతుకుతాండారు.
నేనూ వంగే ఉండా, కొంగుతో మసి తుడుస్తా.
తలమీద యూరియా సంచి కప్పుకున్న ముసలామె
చేన్లోంచి కేకేసింది:
"దొరికిందామ్మే?"
ప్లగ్గు పైకెత్తి చూపిచ్చినా.
"దొరికింది."

గట్టు దాటి వచ్చి, చూసి, నవ్వి, ఆయమ్మ
అరసేరు బొరుగులు పోపిచ్చుకుంది.
కొసరు నేనే వేసినా, అడక్కముందే.